పార్టీని వీడిన సభ్యుడు 'స్వతంత్రుడు' కాగలడా?

పార్టీకి రాజీనామా చేసిన శాసనసభ్యుడిని 'స్వతంత్రుడు'గా వ్యవహరించడం వాడుకలో ఉంది. రాజ్యాంగ పరిభాషలో ఈ ప్రయోగం చెల్లదు. 52వ సవరణ (1985) ద్వారా చేరిన పదవ షెడ్యూలు ప్రకారం, సభ్యుడు తనను అభ్యర్థిగా నిలిపిన పార్టీకే చెందుతాడు. విలీన సందర్భంలో తప్ప, ఆ పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకుంటే అనర్హుడవుతాడు. రాజీనామా పత్రం లేకపోయినా ప్రవర్తనను బట్టి ఈ నిర్ధారణకు రావచ్చునని రవి ఎస్. నాయక్ కేసులో (1994) సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పార్టీ బహిష్కరించిన సభ్యుడు సైతం షెడ్యూలు దృష్టిలో పాత పార్టీవాడేనని జి. విశ్వనాథన్ కేసులో (1996) తీర్పునిచ్చింది.

అమెరికాలో పరిస్థితి భిన్నం. 2001లో వెర్మాంట్ సెనేటర్ జేమ్స్ జెఫర్డ్స్ రిపబ్లికన్ పార్టీని వీడి స్వతంత్రుడయ్యారు. ఇరుపక్షాలు సమానంగా ఉన్న సెనేట్‌లో ఆయన డెమోక్రాట్ల వైపు నిలవడంతో ఆధిక్యం చేతులు మారింది. ఆయన స్థానం మాత్రం పదిలంగానే ఉంది.

భారతదేశంలో స్వతంత్ర హోదా ఎన్నికల్లో ఓటరు ఇచ్చేదే తప్ప, సభలో సభ్యుడు స్వీకరించేది కాదు. స్వతంత్రుడిగా గెలిచి పార్టీలో చేరినా అనర్హతే. పదవి కోసం వీడినవారికీ, సిద్ధాంతం కోసం వీడినవారికీ ఈ నిబంధన ఒక్కటే. రెండవ కోవకు చెందినవారికి మిగిలే మార్గం స్థానాన్నీ వదులుకుని ఉపఎన్నికలో ప్రజాతీర్పు కోరడమే.