దూరస్థ యంత్రమునందలి ఫైళ్లు – సామీప్యభావన

ఒక కంప్యూటరునందున్న ఫైలును వేరొక కంప్యూటరుపై పనిచేయువారు తమ యంత్రమునందే యున్నదానివలె తెరచి, చదివి, దిద్దుకొనుటకు రెండు మార్గములు తోచును. ఫైలును తెచ్చుకొనుట మొదటిది. ఉన్నచోటనే యుంచి వాడుకొనుట రెండవది. మొదటిదానివలన ప్రతులు పెరుగును. ప్రతులు పెరిగినకొలది పాఠభేదములును పెరుగునని పాఠపరిష్కర్తలకు వేరుగా చెప్పనక్కరలేదు. రెండవదానియందు మూలప్రతి యొక్కటియే.

రెండవ పద్ధతి ననుసరించు వ్యవస్థలలో మిక్కిలి వ్యాప్తి నొందినది సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారు 1984లో రూపొందించిన నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్. ఇందు ఫైలు గల యంత్రము సర్వరు, వాడుకొనునది క్లయింటు. సర్వరునందలి యొక డైరెక్టరీని క్లయింటు తన డైరెక్టరీల వృక్షమునకు కొమ్మగా అంటుకట్టుకొనును. దీనినే మౌంటు చేయుట యందురు. పిమ్మట ప్రోగ్రాము ఫైలును కోరగా, ఆపరేటింగ్ సిస్టమునందలి యొక మధ్యస్థమగు పొర అది ఎచ్చటిదో విచారించి, స్థానికమైనచో డిస్కునకును, దూరస్థమైనచో నెట్‌వర్కు ద్వారా సర్వరునకును ఆ కోరికను పంపును. ప్రోగ్రామునకు ఈ భేదము తెలియదు.

తొలి రూపములందు సర్వరు క్లయింటుల స్థితిని జ్ఞాపకముంచుకొనదు. ఏ ఫైలు, ఎన్నవ బైటునుండి, ఎన్ని బైట్లు అను వివరములన్నియు ప్రతి కోరికయందును ఉండును. కావున సర్వరు ఆగి మరల లేచినను, క్లయింటు అదే కోరికను తిరిగి పంపిన చాలును. చదువుట రెండుమారులు జరిగినను హాని లేదు. తొలగింపు అట్టిది కాదు. ఫైలు తొలగియు ప్రత్యుత్తరము దారిలో నశించినచో, రెండవమారు కోరినపుడు 'అట్టి ఫైలు లేదు' అను జవాబు రావచ్చును.

వేగముకొరకు క్లయింటు చదివిన భాగములను కొంతసేపు తనయొద్దనే దాచుకొనును. అందుచే ఒకరు దిద్దినది రెండవవారికి వెంటనే కనిపింపకపోవచ్చును. ఒకరు మూసిన పిదప మరియొకరు తెరచినచో క్రొత్తపాఠము లభించుట సాధారణ నియమము. ఇరువురు ఏకకాలమున తెరచి, వేర్వేరుగా దిద్ది భద్రపరచినచో, కడపటివారి పాఠమే నిలిచి మొదటివారి శ్రమ వ్యర్థము కావచ్చును. దీనికి నివారణము ఫైలుతాళము. 2000లో ప్రకటితమైన నాల్గవ రూపమున ఈ తాళములు వ్యవస్థలోనే అంతర్భాగమైనవి. సర్వరు వానిని గడువు విధించి జ్ఞాపకముంచుకొనును. అయినను తాళమును కోరవలసినది ప్రోగ్రామే.

కావున సామీప్యము భావనయే గాని వాస్తవము కాదు. ఒకే గ్రంథమును పలువురు పరిష్కరించునపుడు ఒక్కొక్క అధ్యాయమును ప్రత్యేకమగు ఫైలుగా నుంచి, ఒక్కొక్కరికి అప్పగించుట మేలు. మూలప్రతి యొక్కటియే యగుట గుణము. అది నశించిన సర్వము నశించుట దోషము. అందుచే వేరొక యంత్రమున దానికి రక్షణప్రతిని నియతముగా నిలుపుట పరిశోధకులకు విధాయకము.