పిల్లల భరణం ఆర్డర్ వచ్చాక ఉద్యోగం పోయిందా? ముందు ఇది తెలుసుకోండి
కోకాపేటలో ఫ్లాట్ ఈఎంఐ నడుస్తుండగానే లేఆఫ్. మరోవైపు పిల్లలకు నెలనెలా భరణం కట్టాలన్న ఫ్యామిలీ కోర్టు ఆర్డర్. అప్పీల్ వేస్తే ఆగిపోతుందిలే అనుకుంటే పొరపాటే!

బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 144 (పాత సీఆర్‌పీసీ 125) కింద ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన భరణం ఆర్డర్‌పై అప్పీల్ ఉండదు. తెలంగాణ హైకోర్టులో రివిజన్ వేయాలి. వేసినా సరే, స్టే రాకపోతే డబ్బు కట్టాల్సిందే. ఎగ్గొడితే వారెంట్, జైలు దాకా వెళ్లొచ్చు.

ఆర్డర్ వచ్చాక ఉద్యోగం పోతే మాత్రం హైకోర్టు దాకా వెళ్లక్కర్లేదు. సెక్షన్ 146 కింద అదే ఫ్యామిలీ కోర్టులో భరణం తగ్గించమని అడగొచ్చు. జీతం పెరిగితే పెంచమని తల్లీ అడగొచ్చు. ఆస్తులు, అప్పుల అఫిడవిట్లు ఇద్దరూ ఇవ్వాలని 2020లో రజ్‌నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్లాట్ ఈఎంఐ చూపించి తప్పించుకోవడం మాత్రం కష్టమే.