మేకు: ఒక మాట, రెండు వస్తువులు

మీ ఇంటి గోడకు క్యాలెండరు దేనికి వ్రేలాడుచున్నది? ఒక చిన్న మేకుకు. దినమంతా దాని ఎదుటనే తిరుగుతాం గాని ఆ మాట ఎక్కడనుండి వచ్చిందో ఆలోచించామా?

"మేకు" పారసీక భాషలోని "మేఖ్" నుండి వచ్చింది. అదే భాషలో లవంగాన్ని "మీఖక్", అనగా చిన్న మేకు అంటారు. ఒక లవంగాన్ని చేతిలోకి తీసుకొని చూడండి, కారణం తెలుస్తుంది. సంస్కృతంలో మేకును కీలం, కీలకం అంటారు. బిగించి పట్టియుంచేది గనుకనే ముఖ్యమైన సంగతిని నేడు "కీలకమైనది" అంటున్నాం. ఇంగ్లీషు "నెయిల్" అంటే మేకే కాదు, గోరు కూడా. మన "నఖం" దానికి దూరపు చుట్టం.

ఇప్పుడు బైబిలు తెరవండి. తెలుగులో ఒకే "మేకు" కనబడినా, హెబ్రీలో రెండు మాటలున్నాయి. మొదటిది "యాతేద్". న్యాయాధిపతులు 4వ అధ్యాయములో యాయేలు చేతపట్టినది ఇదే. గుడారపు త్రాళ్లు కట్టుటకు నేలలో దిగగొట్టేది. యెషయా 22వ అధ్యాయములో ఎల్యాకీమును పోల్చినదీ దీనితోనే. అయితే అక్కడ అది పాత్రలు తగిలించేది, మన చిలక్కొయ్య వంటిది. రెండవది "మస్మేర్". దావీదు దేవాలయపు తలుపుల కొరకు ఇనుముతో సిద్ధపరచినది ఇది (1 దినవృత్తాంతములు 22:3). ఈ భేదం తెలియకపోతే, కుటుంబపు భారమంతా ఎల్యాకీముపై వ్రేలాడుననే పోలిక మనకు అందదు.

క్రొత్త నిబంధన గ్రీకులో మేకు "హేలోస్". ఆశ్చర్యమేమంటే, నాలుగు సువార్తలలో ఈ మాట ఒక్క యోహాను 20:25లోనే ఉంది. సిలువ వేసిరని సువార్తికులు వ్రాశారు గాని మేకులు కొట్టిన సంగతి వర్ణించలేదు. రోమీయులు కొందరిని త్రాళ్లతో కూడా కట్టేవారు. మరి మేకులని మనకు చెప్పినదెవరు? తోమా!

1968లో యెరూషలేము నొద్ద ఒక సమాధిలో, మొదటి శతాబ్దపు మనుష్యుని మడమ ఎముక దొరికింది. దానిలో 11.5 సెంటీమీటర్ల ఇనుప మేకు ఇంకా దిగియే ఉంది. కొన వంగినందున దానిని ఊడదీయలేకపోయారని పరిశోధకుల వివరణ.

తోమాను సందేహించినవాడని తేలికగా అంటాం. కాని ఆ గాయమును దాని పేరుతో పిలిచినవాడు అతడే. ఇకమీదట "మేకు" అని చదివినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఇది ఏ మేకు అని అడగండి.