కడుపుతో ఉన్నప్పుడు టీ తాగవచ్చా?



తెల్లవారి లేచి గొంతులో ఇంత టీ చుక్క పడనిదే మనలో చాలామందికి పొయ్యి దగ్గర పని సాగదు. పలాస, టెక్కలి, కంచిలి వైపు చూడండి. రైలు స్టేషను బయటా, జలంత్రకోట కూడలిలోనూ, జీడిపప్పు బట్టీల దగ్గరా ఎక్కడ చూసినా టీ బడ్డీలే. చుట్టం వస్తే టీ, పక్కింటావిడ వస్తే టీ. ఎవరూ రాకపోతే, తోచడంలేదని మరో గ్లాసు టీ!

ఇంతలో ఇంట్లో కోడలికో కూతురికో నెల తప్పుతుంది. ఇక సలహాలు మొదలవుతాయి. "టీ ముట్టుకోకు, బిడ్డ నల్లగా పుడతాది" అంటుంది ఒక పెద్దావిడ. "ఏటౌతాది? మేం తాగలేదా, పిల్లల్ని కనలేదా?" అంటుంది ఇంకొకావిడ. పాపం, ఆ అమ్మాయి ఎవరి మాట వినాలి?

నిజానికి ఈ రెండు మాటలూ సరైనవి కావు. బిడ్డ రంగు తల్లిదండ్రుల పోలికను బట్టి వస్తుందే గాని టీ వల్ల మారదు. అలాగని ఎంతైనా, ఎప్పుడైనా తాగవచ్చనీ కాదు. టీ పూర్తిగా మానక్కరలేదు. కాని ఎంత తాగాలో, ముఖ్యంగా ఎప్పుడు తాగకూడదో తెలుసుకోవాలి.

ముందు ఎంత అన్నది చూద్దాం. టీలో కెఫీన్ అనే పదార్థం ఉంది. మనకు హుషారు తెప్పించేది అదే. మామూలుగా అయితే కొన్ని గంటల్లో అది ఒంట్లోంచి పోతుంది. గర్భిణి ఒంట్లో మాత్రం, నెలలు నిండుతున్నకొద్దీ చాలా ఎక్కువసేపు నిలిచి ఉంటుంది. మాయ దాటి బిడ్డకూ చేరుతుంది. దాన్ని అరగించుకునే శక్తి కడుపులోని పసికందుకు లేదు. రోజుకు 300 మిల్లీగ్రాములకు మించి కెఫీన్ తీసుకునే గర్భిణులు దాన్ని తగ్గించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. మోతాదు మించితే గర్భం నిలవకపోవడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం వంటి ప్రమాదాలు పెరగవచ్చు. బ్రిటన్ వంటి దేశాల్లో 200 దాటవద్దంటున్నారు. మనం ఆ తక్కువ లెక్కే పెట్టుకుంటే మంచిది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అంతే కాఫీ డికాక్షనులో 80 నుంచి 120 దాకా ఉంటుంది. అంటే చిన్న గ్లాసుతో రోజుకు రెండుసార్లు, మరీ ఉండలేకపోతే మూడుసార్లు టీ తాగవచ్చన్నమాట. పెద్ద స్టీలు గ్లాసు నిండా పోసుకుని 'ఒకటే గదా' అనుకోకండి. పొడి ఎక్కువ వేసి, మరిగించిందే మళ్లీ మరిగిస్తే కెఫీనూ, వగరూ రెండూ ఎక్కువే దిగుతాయి. గ్రీన్ టీలోనూ కెఫీన్ ఉందని మరవకండి.

ఇక అసలు సంగతి, వేళ. మా బంధువుల అమ్మాయి ఒకతె టెక్కలిలో ఉంటుంది. అయిదో నెలలో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 9 ఉంది. గర్భిణికి 11 కన్నా తగ్గితే రక్తహీనతే. మాత్రలు ఇచ్చారు. ఏడో నెలలో చూస్తే మళ్లీ ఆ తొమ్మిదే! "మాత్రలు పారేస్తున్నావా?" అని అత్తగారు కోప్పడింది. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. ఒక్క రోజైనా మానలేదట. నిదానంగా అడిగితే తెలిసింది. మాత్ర వాసనకు వికారం వస్తుందని రోజూ పొద్దున్నే టీతో మింగుతోంది!

టీలో వగరుకు కారణమైన పదార్థాలు కడుపులోని ఇనుమును పట్టేసుకుంటాయి. అలా పట్టుబడిన ఇనుము రక్తంలో కలవకుండానే బయటకు పోతుంది. టీలో పాలు పోస్తే ఈ గుణం పోతుందనుకోవద్దు. ఆకుకూర పప్పుతో అన్నం తిని వెంటనే టీ తాగినా ఇంతే. ఆ కూరలోని ఇనుము చాలావరకు వృథా అవుతుంది.

ఆ అమ్మాయి రాత్రి భోజనమయ్యాక గంట ఆగి, నిమ్మకాయ నీళ్లతో మాత్ర వేసుకోవడం మొదలుపెట్టింది. కాన్పు నాటికి హిమోగ్లోబిన్ 11కు చేరింది. మందు మారలేదు, వేళ మారిందంతే.

ఇది చిన్న విషయం కాదమ్మా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. ఒంట్లో రక్తం తక్కువగా ఉన్న తల్లికి కాన్పులో ఇంకొంచెం రక్తం పోయినా ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ప్రభుత్వం నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులపాటు రోజుకొక ఐరన్ మాత్ర ఇస్తోంది. చేతికి వచ్చిన మాత్రను టీ పాలు చేసుకోకూడదు గదా!

కాబట్టి ఇలా చేయండి. భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా టీ వద్దు. ఐరన్ మాత్రకూ ఇదే నియమం. దాన్ని పాలతోనూ, కాల్షియం మాత్రతోనూ కలిపి వేసుకోవద్దు. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోండి. అన్నంలో నిమ్మకాయ పిండుకున్నా, ఉసిరికాయో జామపండో తిన్నా ఇనుము బాగా వంటబడుతుంది.

వేవిళ్లప్పుడు ఏమీ సయించక టీ నీళ్లతోనే పూట గడిపేవారున్నారు. పరగడుపున టీ తాగితే మంట, వికారం ఎక్కువవుతాయి. ముందు రెండు మరమరాలో, ఒక ఇడ్లీ ముక్కో తినండి. చిన్న అల్లంముక్క వేసి కాచిన నీళ్లు కొందరికి హాయినిస్తాయి. మధ్యాహ్నం టీ బదులు పలచగా చోడి అంబలి తాగితే కొంత బలమూ వస్తుంది. చక్కెర సంగతీ చూసుకోండి. గ్లాసుకు రెండు చెంచాల చొప్పున అయిదు గ్లాసులకు పది చెంచాలు! గర్భంతో వచ్చే షుగరు ఉన్నవారికి ఇది మరీ చెరుపు.

ఉద్దానం అక్కచెల్లెళ్లకు ఇంకొక మాట. కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్చి చెప్పలేకపోతున్నారు. దాంతో ఊరి నీళ్లంటేనే కొందరికి భయం. ఆ భయంతో నీళ్లు తగ్గించి, దాహానికి టీ తాగడం మంచిది కాదు. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరు తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ ఆ నెలలోనే మొదలయ్యాయి. మంచినీళ్లు సరిగ్గా తాగండి. కాళ్లవాపు, మొహం ఉబ్బు, తలనొప్పి కనిపిస్తే టీతో సరిపెట్టుకోక వెంటనే డాక్టరుకు చూపించుకోండి. ఇదివరకే కిడ్నీ జబ్బు ఉన్నవారు నీళ్లు ఎన్ని తాగాలో, కొబ్బరిబొండం తాగవచ్చో లేదో డాక్టరునే అడగాలి.

ఆఖరిగా అత్తగార్లకు ఒక మనవి. కోడలి చేతిలోంచి టీ గ్లాసు లాక్కోకండి. ఆ గ్లాసును అన్నం పళ్లేనికీ, మాత్రకూ ఒక గంట దూరంలో పెట్టండి. ఆ గంట తల్లికీ బిడ్డకూ మేలు చేస్తుంది.

సెలవు.