గాలిలో ఇరుకు: వైఫై చిప్ కథ

నోయిడాలో పెద్ద టవర్లున్న ఏ సొసైటీలోనైనా కొత్త ల్యాప్‌టాప్ తెరిచి వైఫై జాబితా చూడండి. మన రౌటర్ పేరు కింద పైఇంటివాళ్లవీ, పక్కింటివాళ్లవీ, ఎదురు టవరువాళ్లవీ పేర్లు వరసగా కనిపిస్తాయి. డౌన్‌లోడ్ నత్తనడక నడుస్తుంటే చాలామంది ముందు ల్యాప్‌టాప్‌ను అనుమానిస్తారు, తర్వాత నెట్ కంపెనీకి ఫోన్ చేస్తారు. ఆ జాబితా వైపు కూడా ఒకసారి చూడాలి. ఎందుకో తెలియాలంటే ల్యాప్‌టాప్‌లో ఉన్న చిన్న రేడియో చిప్ పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి.

దాని కథ కృష్ణబిలాల దగ్గర మొదలవుతుంది. బుల్లి కృష్ణబిలాలు ఆవిరైపోతూ చివరికి పేలిపోతాయని 1974లో స్టీఫెన్ హాకింగ్ లెక్కగట్టాడు. ఆ పేలుడు నుంచి రేడియో మెరుపు వస్తుందేమోనని జాన్ ఓ సల్లివన్ అనే ఆస్ట్రేలియా ఇంజనీరు, ఆయన సహచరులు 1970ల చివర్లో వెతికారు. ఏమీ దొరకలేదు. కానీ అంతరిక్షంలో చెదిరిపోయి వచ్చే సంకేతాన్ని గణితంతో మళ్లీ కూడగట్టడంలో ఆయన చెయ్యి తిరిగింది. 1990ల మొదట్లో సీఎస్ఐఆర్ఓ అనే అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఆ నేర్పే అక్కరకొచ్చింది.

అక్కడ ఎదురైన చిక్కు ఇది. గదిలో రేడియో తరంగం గోడకూ, బీరువాకూ, పైకప్పుకూ తగిలి, ఒకదాని వెనక ఒకటిగా ఎన్నో ప్రతులై చేరుతుంది. ఖాళీ కల్యాణమండపంలో మైకు పట్టుకుని గబగబా మాట్లాడితే మాట మీద మాట పడి ఏమీ అర్థం కాదు కదా, అదే అవస్థ. మెల్లగా మాట్లాడితే అర్థమవుతుంది, వేగం పోతుంది. ఓ సల్లివన్ బృందం రెండూ దక్కే దారి పట్టింది: ఒక్క గొంతు గబగబా కాకుండా, చాలా గొంతులు వేర్వేరు శ్రుతుల్లో ఒకేసారి మెల్లగా మాట్లాడాలి. 1992లో ఆస్ట్రేలియాలో పేటెంటుకు దరఖాస్తు చేశారు, 1996లో అమెరికా పేటెంటు వచ్చింది. 1999 నాటి 802.11ఏ అనే వైఫై ప్రమాణంలో ఆ శ్రుతులు 52. ఒక్కో పలుకు నిడివి 4 మైక్రోసెకన్లు, అందులో 0.8 మైక్రోసెకన్లు కేవలం ప్రతిధ్వని సద్దుమణగడానికే. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా అందంగా తోచేది ఆ చిన్న విరామమే.

వైఫైని ఒక్కరి సృష్టి అనడం మాత్రం న్యాయం కాదు. లైసెన్సు లేకుండా వాడుకోమని అమెరికా 1985లో కొన్ని తరంగాలను వదిలిపెట్టింది. నెదర్లాండ్స్‌లో దుకాణాల నగదు యంత్రాలను తీగ లేకుండా కలపాలని చూసిన కంపెనీ నుంచి వచ్చిన విక్ హేస్, ప్రమాణాల సంఘాన్ని ఏళ్లతరబడి నడిపాడు. 1997లో వచ్చిన తొలి ప్రమాణం వేగం 2 ఎంబీపీఎస్. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి (బ్యాండ్‌కి) లైసెన్సు మినహాయించింది 2005లో.

లైసెన్సు లేదంటే అందరికీ హక్కే. అందుకే వైఫైకి ఒక మర్యాద ఉంది: ముందు వినాలి, ఎవరూ మాట్లాడనప్పుడే మాట్లాడాలి. 2.4 పట్టీలో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు మూడే: 1, 6, 11. టవరులోని ఇళ్లన్నీ ఆ మూడింటిలోనే సర్దుకోవాలి. ఒక ఇంట్లో పాతకాలపు ఫోను నెమ్మదిగా పంపుతుంటే, ఆ ఛానల్లో ఉన్న మిగతావాళ్లంతా అది ముగిసేదాకా ఆగాలి. మీ ల్యాప్‌టాప్ ఎంత కొత్తదైనా ఆ వరసలో నిలబడాల్సిందే.

5 గిగాహెర్ట్జ్ పట్టీలో ఛానళ్లు ఎక్కువ. అది కాంక్రీటు గోడలు సరిగా దాటలేదని చాలామంది విసుక్కుంటారు. నోయిడా, గురుగ్రామ్ ఫ్లాట్లలో నేను దాన్ని మేలుగానే చూస్తాను, పక్కింటి రొద కూడా గోడ అవతలే ఆగిపోతుంది. రెండు పట్టీలకూ రౌటర్ ఒకే పేరు పెడితే ల్యాప్‌టాప్ ఒక్కోసారి 2.4నే పట్టుకుని వేలాడుతుంది. వైఫై సెట్టింగుల్లో లింక్ స్పీడ్ 72 అనో 144 అనో ఉంటే అదే జరిగిందని అనుమానించవచ్చు. పేర్లు వేరు చేసి, 5కి కలపాలి.

వేగం కొలిచేటప్పుడు మరో సంగతి. కంపెనీ చెప్పేది మెగాబిట్లు, డౌన్‌లోడ్ కిటికీ సాధారణంగా చూపేది మెగాబైట్లు. 100 ఎంబీపీఎస్ ప్లానుకు సెకనుకు 12 మెగాబైట్లు వస్తే లోపమేమీ లేదు. కొత్త ల్యాప్‌టాప్ మొదటి రోజుల్లో అప్‌డేట్లను తనంతట తానే దించుకుంటుంది కూడా. టాస్క్ మేనేజర్ తెరిస్తే నెట్‌ను ఎవరు తింటున్నారో కనిపిస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా అనుమానం తీరకపోతే రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు నేరుగా లాన్ కేబుల్ వేయాలి. సన్నని ల్యాప్‌టాప్‌లకు ఆ పోర్టు ఉండదు, ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ మార్కెట్లో యూఎస్‌బీ అడాప్టరు దొరుకుతుంది, గిగాబిట్‌దే అడగాలి. కేబుల్ మీద వేగం బాగుంటే తప్పు వైఫైది. 300 ప్లానుకు కేబుల్ మీద కూడా 94 దగ్గరే ఆగిపోతే ఆ కేబుల్‌నే చూడాలి. గిగాబిట్ వేగానికి లోపలి 8 తీగలూ కావాలి. ఒక్కటి తెగినా చాలాసార్లు లింకు 100కి పడిపోతుంది.