నలభై డిగ్రీల ఎండలో మంచు

ధర్మవరం పాఠకుడొకరు తాను సెకండ్‌హ్యాండ్‌లో కొన్న చిన్న గూడ్సు బండి గురించి రాశారు. సీఎన్‌జీతోనూ పెట్రోలుతోనూ నడిచే బండి. హిందూపురం మార్కెట్టుకు చింతపండు బస్తాలు వేసుకుని పోతుంటే, పెనుకొండ దగ్గర ఎత్తెక్కేటప్పుడు గ్యాసు వదిలేసి తనంతట తానే పెట్రోలుకు మారిపోతోందట. అదీ గ్యాసు నిండుగా కొట్టించినప్పుడే. సిలిండర్ సగమయ్యాక ఏ గొడవా లేదు. ఫిల్టర్ మార్చారు, ప్లగ్గులు మార్చారు, ఫలితం లేదు. బానెట్ ఎత్తి చూస్తే రెగ్యులేటర్ మీద తెల్లగా మంచు! ‘నలభై డిగ్రీల ఎండ, పక్కనే కాలిపోయే ఇంజిను. మంచు ఎక్కడిదండీ?’ అని ఆయన ప్రశ్న.

ఈ ప్రశ్న చదివాక వేరే పని ముట్టబుద్ధి కాలేదు.

సిలిండర్‌లో గ్యాసు సుమారు 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. ఇంజినుకు కావలసింది కొద్ది బార్లే. గ్యాసును సన్నని దారిలోంచి పంపి ఒత్తిడి తగ్గించే పని రెగ్యులేటర్‌ది. అక్కడి నుంచి ఇంజెక్టర్లు, ఇంజిను. ఏర్పాటు ఇంతే.

అసలు విశేషం ఆ ఒత్తిడి తగ్గే చోట ఉంది. ‘గ్యాసు వ్యాకోచిస్తే చల్లబడుతుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు చాలామంది. అది చాలదు. అణువుల మధ్య ఆకర్షణే లేని ఆదర్శ వాయువును ఇలాంటి సన్నని దారిలోంచి పంపితే దాని ఉష్ణోగ్రత మారనే మారదు. జేమ్స్ జౌల్ అంతటివాడు కూడా 1845లో రాగి పాత్రలోని ఒత్తిడి గాలిని ఖాళీ పాత్రలోకి వదిలి, చుట్టూ ఉన్న నీటి ఉష్ణోగ్రతలో తేడా లేదని రాసుకున్నాడు. తేడా ఉంది, కానీ అంత నీటిలో, అంత రాగిలో అది కలిసిపోయి ఆయన థర్మామీటరుకు అందలేదు. విలియం థామ్సన్‌తో కలిసి 1852 నుంచి మరో పద్ధతి పట్టాడు: గాలిని సన్నని రంధ్రాలున్న బిరడాలోంచి నెమ్మదిగా నెట్టి, ఇవతలా అవతలా ఉష్ణోగ్రత కొలిచాడు. ఈసారి దొరికింది. గాలి చల్లబడింది!

కారణం అణువుల మధ్య ఆకర్షణ. 200 బార్ల దగ్గర మీథేన్ అణువులు బాగా దగ్గరగా ఉంటాయి. దూరంగా జరగాలంటే ఆ లాగుడును ఎదిరించాలి. అందుకు శక్తి బయటినుంచి రాకపోతే సొంత వేగంలోంచే ఖర్చు పెట్టుకుంటాయి. వేగం తగ్గిందంటే ఉష్ణోగ్రత పడినట్టే. గాలికంటే మీథేన్‌లో ఈ ప్రభావం సుమారు రెట్టింపు. మామూలు ఉష్ణోగ్రత దగ్గర హైడ్రోజన్‌దైతే ఉల్టా, అది వేడెక్కుతుంది! 1895లో కార్ల్ ఫాన్ లిండే గాలిని ద్రవంగా మార్చింది కూడా ఈ చల్లదనాన్ని పదేపదే వాడుకునే.

ఇప్పుడు పెనుకొండ ఎత్తుకు వద్దాం. 200 బార్ల నుంచి ఒక్కసారిగా దిగితే మీథేన్ అరవై డిగ్రీలకు పైగా చల్లబడగలదు. అందుకే ఇంజిన్ను చల్లబరిచి వేడెక్కిన నీటిని రెండు గొట్టాలతో రెగ్యులేటర్ చుట్టూ తిప్పుతారు. గంటకు 5 కిలోల గ్యాసు ఖర్చయ్యే బండికి అక్కడ కావలసిన వేడి సుమారు 200 వాట్లే. కానీ నీరు తిరగాలి కదా! తిరగకపోతే రెగ్యులేటర్ గడ్డకట్టేంత చల్లబడుతుంది. దాని మీద కనిపించే మంచు బయటి గాలిలోని తేమది. లోపల గ్యాసులో తేమ ఉంటే అంతకన్నా చిత్రం జరుగుతుంది. నీటి అణువులు మీథేన్‌ను పంజరంలా చుట్టుకుని హైడ్రేట్ అనే గట్టి పదార్థం అవుతాయి. ఎక్కువ ఒత్తిడిలో అది సున్నాకు పైన పది డిగ్రీల దగ్గర కూడా నిలుస్తుంది. గ్యాసు పైపులు పూడుకుపోయేది ఉత్త మంచుగడ్డతో కాదు, దీనితో అని అమెరికాలో హామర్‌ష్మిట్ 1934లో తేల్చాడు.

సిలిండర్ నిండుగా ఉంటే ఒత్తిడి పడే దూరం ఎక్కువ. ఎత్తులో గ్యాసు ప్రవాహం ఎక్కువ. రెండూ కలిసినప్పుడే చలి గెలుస్తుంది, గ్యాసు సరిగా అందక బండి పెట్రోలుకు మారుతుంది. ఆయన చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే. గ్యాసు అయిపోవస్తున్నప్పుడు మాత్రమే మొరాయించే బండైతే ఫిల్టర్‌నో, సిలిండర్ వాల్వ్‌నో అనుమానించవచ్చు.

కాబట్టి ముందు చూడాల్సింది గ్యాసును కాదు, నీళ్లను. ఇంజిను పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి మట్టం చూడండి. బండి నడిపి వేడెక్కాక రెగ్యులేటర్ గొట్టాలు రెండూ వేడిగా ఉన్నాయా, ఒకటి చల్లగా ఉందా, జాగ్రత్తగా తాకి చూడండి. ఒకటి చల్లగా ఉంటే లోపల గాలి బుడగ నిలిచిందో, దారి పూడిందో. మన వైపు కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోసే అలవాటుంది. ఇక్కడి గట్టి నీళ్లు మరిగిన చోటల్లా సున్నపు పొర కడుతుంది, రెగ్యులేటర్‌లో నీరు తిరిగే సన్నదారి తొందరగా మూసుకుపోతుంది. ‘ఇంజిను చల్లగా ఉంటుంది’ అని థర్మోస్టాట్ పీకి పారేసే వాళ్లంటే నాకు నిజంగా కోపం. అది లేకపోతే నీరు సరిగా వేడెక్కదు, చాలా బండ్లలో నీరు తగినంత వేడెక్కితేనే గ్యాసుకు మారేది.

గ్యాసు వాసన వస్తే మాత్రం సొంత వైద్యం వద్దు. సిలిండర్ వాల్వ్ మూసేసి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఎక్కువ ఒత్తిడి పైపు నట్లు ఎవరూ ఇంటి దగ్గర విప్పకూడదు. సిలిండర్‌కు మూడేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష తప్పనిసరి. పాత బండి అమ్మేవాళ్లు ఆ సర్టిఫికెట్ అడిగితే గానీ ఇవ్వరు. డబ్బు చేతిలో పెట్టకముందే అడగండి.