ఉపగ్రహం అక్షరాలను ఎలా మోస్తుంది?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడు ఊళ్లకూ ఒకేసారి వినిపించే రేడియో ఒకటుంది. అది దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని, ఔత్సాహికులు వాడే హామ్ రేడియో! అది ప్యాకెట్ పద్ధతిలో నడిచేటప్పుడు 145.825 మెగాహెర్ట్జ్‌పై చిన్న సందేశాలను అందుకుని, మళ్లీ కిందికి పంపుతుంది.

అక్షరాలు మొదట 0, 1 లవుతాయి. వాటిని రెండు స్వరాలతో, సెకనుకు 1200 చొప్పున పంపుతారు. 0 వస్తే స్వరం మారుతుంది, 1 వస్తే మారదు. ఎంత చక్కటి ఉపాయం!

చిక్కల్లా వేగంతోనే. ఎదురొచ్చే రైలు కూతలా, దూసుకొచ్చే ఉపగ్రహం తరంగపు పౌనఃపున్యం కూడా కాస్త హెచ్చుతుంది, దాటిపోయాక తగ్గుతుంది. ఆ తేడా 3 కిలోహెర్ట్జ్‌ల పైమాటే. ఎఫ్ఎం ప్యాకెట్ దాన్ని తట్టుకుంటుంది. సుమారు 31 హెర్ట్జ్ వెడల్పే ఉండే పీఎస్‌కే31 అనే మరో పద్ధతికి మాత్రం క్షణక్షణం ట్యూనింగ్ సరిచేయాలి.

2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఉపగ్రహం హామ్‌శాట్ కూడా 2014 దాకా హామ్‌ల మాటలు మోసింది.

మన దేశంలో హామ్ రేడియోలో సందేశం పంపాలంటే 12 ఏళ్లు నిండాలి, పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి.